పై మెట్టు

28 ఫిబ్రవరి 1983

అయిపోయింది. మా ఆఫీసులో నలుగురం ఒకేసారి దిగిపోయాం. దండలు రెండే తెచ్చారు. ఒకరి మెడలోంచి తీసి ఇంకొకరి మెడలో వేస్తూ ఫోటోలు తీశారు. యాభై ఎనిమిదికి రిటైర్ కావలసినవాళ్ళు ఇకమీదట యాభై ఐదుకే కావాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది కదా. నాకు యాభై ఆరు. అంటే ఏడాది నుంచి నేను అక్కరలేని మనిషిని. ఆ సంగతి తెలియక రోజూ హనుమకొండ బస్సెక్కి పోయి హెడ్ గుమాస్తాగిరీ వెలగబెట్టాను.

నాకేం బాధ లేదు. ఇదే సాయంత్రం రాష్ట్రమంతా ఎన్ని వేల మంది ఇలా దండ చేత్తో పట్టుకుని ఇల్లు చేరి ఉంటారో! అది తలుచుకుంటే నా బాధ ఎంత. అసలు బాధే లేదు.

1 మార్చి

బాగా నిద్ర పట్టింది.

2 మార్చి

తొమ్మిదిన్నరకు చెప్పులు తొడుక్కుని గుమ్మం దాటాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగితే రాజేశ్వరి తలుపు దగ్గర నిలబడి ఉంది. కొత్తిమీర ఏమైనా కావాలా అని అడిగాను. కావాలంది. తెచ్చాను. వంటింట్లో అప్పటికే ఒక కట్ట ఉంది.

11 మార్చి

సాంబయ్య అన్నయ్య వచ్చాడు. డెబ్బై దాటినా పిన్నవారి వీధిలో కిరాణా దుకాణం గద్దె మీద పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేవడు. మా ఇంట్లో దుకాణం కాదని సర్కారు నౌకరికి పోయింది నేనొక్కణ్ణే. రిటైర్ అంటే ఏమిటో ఆయనకు చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

"కండ్లు మంచిగనే కనవడ్తానయి, చేతులు మంచిగనే ఆడ్తానయి. మరెందుకు తీసేసిన్రు రాజం? ఏమన్న తప్పు చేసినవా?" అన్నాడు.

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. దుకాణంలో వచ్చి కూర్చోమన్నాడు. వద్దన్నాను.

3 ఏప్రిల్

ఆర్డరు మీద కొందరు ఉద్యోగులు కోర్టుకు పోయారట. నాకు అలాంటి వాటి మీద ఆసక్తి లేదు. పేపరు రెండుసార్లు చదివాను.

బాగా నిద్ర పట్టింది.

19 ఏప్రిల్

సాయంత్రాలు స్టేషన్‌కు పోతున్నాను. ప్లాట్‌ఫారం టికెట్ కొని చివరి బెంచీ మీద కూర్చుంటాను. గాలి బాగుంటుంది. ఆగే బండ్ల కంటే ఆగకుండా పోయే బండ్లు బాగుంటాయి.

ఎవరొస్తున్నారని రాజేశ్వరి అడిగింది. ఎవరూ రావడం లేదన్నాను. మరెందుకు అని అడగలేదు. మాకు పిల్లలు లేకపోయినా ఇన్నేళ్ళూ మాటలకు కరువు రాలేదు. ఈ మధ్యనే.

7 మే

స్టేషన్.

8 మే

స్టేషన్. గాలి బాగుంది.

14 జూన్

హైదరాబాదు నుంచి పద్మ అని ఒక లెక్చరరు వచ్చింది. ముప్పై ఉంటాయేమో. ముసలితనం, ఆరోగ్యం, పని మానేశాక బతుకు ఎలా గడుస్తుంది అనే వాటి మీద సర్వే చేస్తున్నారట. ఇంటింటికీ పోయి ప్రశ్నలు అడిగి రాసుకురావడానికి చేతిరాత బాగున్న రిటైరయినవాళ్ళు కావాలట. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళతోనే మనసు విప్పి మాట్లాడతారని ఆమె అంటే నాకు ఒళ్ళు మండింది. యాభై ఆరుకే నేను పెద్దవాణ్ణా?

కానీ తర్వాత ఆమె చెప్పిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది. ఇవే ప్రశ్నలు, ఇదే వరసలో, ఈ ఏడే కొరియాలో అడుగుతున్నారు. ఈజిప్టులో, నార్వేలో, నేను పేరు కూడా వినని దేశాల్లో అడుగుతున్నారు. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఒక ముసలమ్మను మోకాళ్ళు నొప్పులా అని అడిగిన రోజునే స్టేషన్ ఘన్‌పూర్ పక్కన మన ముసలమ్మనూ అడుగుతారు. ఇద్దరి జవాబులూ ఒకే కంప్యూటర్ మిషన్‌లోకి పోతాయి! వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడరు, ఒకరి పేరు ఒకరికి తెలియదు. అయినా పక్కపక్కనే కూర్చుంటారు.

నా సర్వీసంతా కాగితాలే. మా ఆఫీసు కాగితం పక్క జిల్లా దాకా పోతే అదే మాకు గొప్ప. ఇది భూగోళమంతా తిరిగే కాగితం. ఒప్పుకున్నాను.

21 జూన్

శిక్షణ. ప్రశ్నల తెలుగు తెలుగులా లేదు. ఎవరో ఇంగ్లీషు పక్కన పెట్టుకుని మక్కికి మక్కి దించేశారు. ఒక నిచ్చెన బొమ్మ ఉంది, పది మెట్లు. మనిషి తన బతుకు ఎంత బాగుందనుకుంటున్నాడో మెట్టు చూపించి చెప్పాలి. 'నిచ్చెన యొక్క శిఖరభాగము అత్యుత్తమ జీవనమునకు ప్రతీక' అట. ఏ ముసలమ్మకు అర్థమవుతుంది? పద్మను అడిగి నేనే మార్చి రాశాను. 'పైన ఉన్నది అన్నిటికంటే మంచి బతుకు. మీరు ఇప్పుడు ఎంతదాకా వచ్చారు?' అందరూ మెచ్చుకున్నారు. ఈ రెండు వాక్యాలు ఇప్పుడు జిల్లా అంతా తిరుగుతాయి. నా పేరు ఉండదనుకోండి, అయినా నావే.

తర్వాత ఒకరినొకరం అడుగుతూ అభ్యాసం చేశాం. నన్ను పద్మ అడిగింది. తొమ్మిదో మెట్టు చూపించాను. ఆలోచించను కూడా లేదు, వేలు దానంతటదే పోయింది. ఉద్యోగం పోయినా ఇంత తృప్తిగా ఉన్నారంటే గొప్పే సార్ అంది. నాకేం తక్కువ?

సాయంత్రం స్టేషన్.

9 జూలై

తొర్రూరు. అర మైలు ఆగకుండా నడవగలరా అని రాజమల్లు అనే పెద్దాయనను అడిగాను. నడుస్తా అనో, నడవలేననో చెబితే చాలు. ఆయన తువ్వాల భుజాన వేసుకుని లేచి నడవడం మొదలుపెట్టాడు. కాగితాలు పట్టుకుని వెనకాల నేను. బజారు దాటాం, బస్టాండు దాటాం, రైసుమిల్లు దగ్గర వెనక్కి తిరిగి "రాసుకున్నవా?" అన్నాడు. నాకు ఊపిరాడడం లేదు. ఆయనకు ఎనభైకి దగ్గర.

జ్ఞాపకశక్తికి 'ఇవాళ తారీఖు ఎంత' అని ఇంకో ప్రశ్న ఉంది. తారీఖు ఎవరికీ పట్టదు. తిథి చెబుతారు, నక్షత్రం చెబుతారు, చెప్పి అవునా కాదా అని నన్నే అడుగుతారు. నాకు తెలియదు. ఆ లెక్కన మతిమరుపు నాకే.

22 జూలై

'మీరు పని ఎప్పుడు మానేశారు?' ఈ ప్రశ్నకు ఇవాళ తిట్లు తిన్నాను. సమ్మమ్మ అని, మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది. నడుం వంగిపోయింది. ప్రశ్న వినగానే తోటకూర కట్ట పక్కన పెట్టి, "నన్ను అప్పుడే పాడె మీద పండవెడ్తానవా?" అని వీధి అంతా వినేలా అడిగింది. కాదు తల్లీ, కొరియాలో కూడా ఇదే అడుగుతున్నారన్నాను. ఆమె కాస్త ఆలోచించి, అక్కడి ముసలామె ఏమందని అడిగింది. తెలియదన్నాను. తెలుసుకుని వచ్చి చెప్పమంది.

నాకు ఆ మాట దగ్గర నోరు తెరుచుకుపోయింది. అంత పెద్ద సర్వే రాసినవాళ్ళకు తట్టిందో లేదో గానీ ఈమెకు తట్టింది. అక్కడ తనలాంటిదే ఒకామె ఉంది, ఆమె ఏమంది? అరుగుల మీద, బజారుల్లో ఇంత లోకం కూర్చుని ఉంటే ఇన్నేళ్ళు ఫైళ్ళలో తల దూర్చి పక్కనుంచే నడిచిపోయాను.

18 ఆగస్టు

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె. చిలుకమ్మ. డెబ్బై ఉంటాయని కొడుకు అన్నాడు. నాట్లు వేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. కడుపునిండా తింటుంది, మందూ మాకూ లేదు, మనుమరాలి బిడ్డ ఒళ్ళోంచి దిగదు. నిచ్చెన చూపించి నా వాక్యాలు చదివాను. నవ్వి, అన్నిటికంటే కింది మెట్టు మీద వేలు పెట్టింది. పొరబడిందేమోనని మళ్ళీ అడిగాను. "ఇగో గిక్కడ, కిందనే" అంది.

ఎంత దుఃఖం కడుపులో దాచుకుని ఇంతలా నవ్వుతోందో! చేతులెత్తి మొక్కాలనిపించింది.

6 సెప్టెంబర్

కొత్తవాడలో గట్టయ్య. జంపఖానాలు నేసేవాడు. చేతులు వణికి మగ్గం దిగి రెండేళ్ళు, భార్య పోయి ఏడాది. కొడుకూ కోడలూ బాగానే చూస్తారు. గుండెకు గోలీలు వాడుతున్నాడు. నెమ్మదైన మనిషి. నిచ్చెన చూడగానే తడుముకోకుండా తొమ్మిదో మెట్టు మీద వేలు పెట్టి "ఇగ ఒక్కటే ఉన్నది సారూ" అన్నాడు. ఆ ముఖంలో ఎంత నిబ్బరం! ఎన్ని పోగొట్టుకున్నా మనిషి ఇంత ఎత్తున నిలబడగలడా అనిపించింది. చాలా మంచిది గట్టయ్యా అని చేయి పట్టుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. నాలాంటి మనిషి ఇంకొకడు దొరికాడని సంతోషంగా వచ్చేశాను.

సాయంత్రం స్టేషన్. ఇవాళ బెంచీ మీద కూర్చోలేదు. అంచు దాకా పోయి నిలబడ్డాను. గూడ్సు పోయాక చూసుకుంటే ఒళ్ళంతా చెమట.

7 సెప్టెంబర్

బాగా నిద్ర పట్టింది.

2 అక్టోబర్

ఊరంతా తిరిగి అందరినీ అడుగుతారు, నన్ను అడగరేమని రాజేశ్వరి వచ్చి ఎదురుగా కూర్చుంది. నీకు అరవై నిండలేదు, నీకు ప్రశ్నలు లేవన్నాను. వినలేదు. సరే అని ఆట పట్టిస్తూ అడిగాను. మోకాళ్ళు? బాగున్నాయి. చూపు? బాగుంది. నిద్ర పడుతుందా?

"మీకు పట్టిననాడు నాకు పడ్తది" అంది.

నాకు బాగానే పడుతోంది కదా అన్నాను. నిచ్చెన బొమ్మ తీయబోతే పాలు పొంగుతున్నాయని లేచిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

15 నవంబర్

పద్మ వచ్చింది. ముఖం మాడిపోయి ఉంది. జవాబులన్నీ మిషన్‌లో వేస్తే దేశాలన్నీ ఒక దారి, వరంగల్ ఒక దారి అయిందట. మిగతా అన్నిచోట్లా ఒళ్ళు బాగున్నవాళ్ళు, నలుగురిలో ఉన్నవాళ్ళు పై మెట్లు చూపించారు. ఇక్కడ వాళ్ళు కింది మెట్లు చూపించారు. రోగాలతో, ఒంటరిగా ఉన్నవాళ్ళేమో పై మెట్లు. ఇంట్లో కూర్చుని మేమే రాసుకొచ్చామని పైవాళ్ళ అనుమానం. వరంగల్ కాగితాలన్నీ తీసి పారేయమంటున్నారు.

"బొమ్మ తలకిందులుగా పట్టుకున్నారా సార్?" అని మెల్లగా అడిగింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను తీసేశారు, సరే. రాజమల్లును, సమ్మమ్మను, చిలుకమ్మను, గట్టయ్యను కూడా తీసేస్తారా? తిథితో సహా చెప్పారు, నడిచి చూపించారు. అదంతా అబద్ధమా? రేపు నాతో రమ్మన్నాను. బొమ్మ ఆమెనే పట్టుకోమన్నాను.

16 నవంబర్

సాయంత్రం ఆరు. ఇప్పుడే ఇంటికి వచ్చాను. వరసగా రాస్తాను, లేకపోతే తప్పించుకుంటాను.

పొద్దున రైల్లో స్టేషన్ ఘన్‌పూర్ పోయాం. చిలుకమ్మ పత్తి ఏరుతోంది. ఒడి నిండా పత్తితో గట్టు మీదికి వచ్చి కూర్చుంది. పద్మ బొమ్మ పట్టుకుని నా వాక్యాలు చదివింది. చిలుకమ్మ మళ్ళీ కింది మెట్టే చూపించింది. నీకేం కష్టమొచ్చిందమ్మా అని పద్మ అడిగింది.

"కష్టమేంది బిడ్డా? మంచిగున్న గనుకనే కింద ఉన్న. పైన మంచి బతుకు ఉన్నదని మీరే అంటాండ్రు. గది దేవుని కాడనే గదా? ఎంతదాంక వచ్చినవ్ అని అడిగితె ఏం చెప్పాలె? మనుమరాలి బిడ్డకు ఇంక నడక రాలే. అప్పుడే పైకి ఎందుకు పోత?"

పద్మ ముందు తెల్లబోయింది, తర్వాత నవ్వేసింది. ఈ వయసు వాళ్ళంతా శివరాత్రి జాగారాలకు వైకుంఠపాళీ ఆడినవాళ్ళే. నిచ్చెన ఎటు పోతుందో, దాని కొసన ఎవరుంటారో వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. బొమ్మ తలకిందులు కాలేదు. నా వాక్యాలే వాళ్ళను దేవుడి దగ్గరికి ఎంత దూరం వచ్చారని అడిగాయి, వాళ్ళు నిజమే చెప్పారు. ఒక్క జవాబు కూడా పోనివ్వనని, ఇంత పెద్ద సర్వేలో ఎవరికీ తెలియని సంగతి ఈ గట్టు మీద దొరికిందని పద్మ ఆనందంగా మాట్లాడుతూనే ఉంది.

కింది మెట్టు చూపినవాళ్ళు బాగున్నారు, సంతోషం. మరి పై మెట్టు చూపినవాళ్ళు? ఇక ఒక్క మెట్టే ఉందన్నాడు గట్టయ్య. పోతున్నానని నాతో చెప్పాడు. నేను చాలా మంచిదని చేయి పట్టుకుని మెచ్చుకుని వచ్చాను.

పద్మతో ఆ మాట అంటే ఆమె నవ్వు ఆగిపోయింది. పై మెట్లు చూపినవాళ్ళలో తొర్రూరు వైపు వాళ్ళను తను చూస్తానని బస్సెక్కింది. వరంగల్ వాళ్ళను నేను చూస్తానన్నాను. ముందు గట్టయ్య. రైలు దిగి రిక్షా ఎక్కి కొత్తవాడ చేరేదాకా గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ మొక్కాను.

ఉన్నాడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దీపావళి పోయిన దగ్గర్నుంచి గోలీలు మింగడం లేదని, మింగానని అబద్ధమాడుతున్నాడని, దిండు కింద ఇవాళే దొరికాయని కోడలు వాకిట్లోనే చెప్పి కళ్ళు తుడుచుకుంది. నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. మళ్ళీ ప్రశ్నలా అని అడిగాడు. కాదన్నాను. ఆ రోజు నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదు గట్టయ్యా, సంతోషంగా ఉన్నావనుకున్నానన్నాను.

ఆయన ఇటు తిరిగాడు. "ఎవలకన్న చెప్పాలె గద సారూ. ఇంట్ల చెప్తె ఏడుస్తరు. నీకు చెప్పిన. నువ్వు రాసుకొని మంచిదన్నవ్" అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "నేను గూడ తొమ్మిదే చెప్పిన గట్టయ్యా."

ఆ వాక్యాలు రాసింది నేను. వాటిని నన్ను అడిగితే నా వేలు దానంతటదే ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. నాకు నిద్ర పట్టడం లేదు. ఫిబ్రవరి నుంచి పట్టడం లేదు. స్టేషన్‌కు గాలి కోసం పోవడం లేదు. ఇదంతా ఒక నేతమనిషికి, మూడు గంటలు కూడా పరిచయం లేని మనిషికి, నేల మీద కూర్చుని చెప్పాను. ఆయన లేచి కూర్చున్నాడు. నా మాట పూర్తయ్యేదాకా ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తర్వాత మంచం మీద జరిగి నాకు చోటిచ్చాడు.

"ఇంట్ల ఎరుకేనా?" అన్నాడు.

లేదన్నాను.

"ముందుగాల పోయి ఆమెకు చెప్పు. ఏమన్నదో రేపొచ్చి నాకు చెప్పాలె. అప్పటిదాంక నేనేడికి పోత? ఈడనే ఉంట."

కోడలు నీళ్ళు తెచ్చింది. నా ఎదురుగానే గోలీ మింగాడు.

పోవడానికి సిద్ధపడ్డ మనిషి నా కోసం ఆగుతానంటున్నాడు. నా జన్మలో ఎవరూ నాకు ఇంత పెద్ద మాట ఇవ్వలేదు. దారిపొడవునా ఏడుస్తూ వచ్చాను, అండర్ బ్రిడ్జి దగ్గర జనం చూశారు, చూడనీ. రాజేశ్వరి వంటింట్లో ఉంది. ఇంతసేపు ఇది రాస్తూ కూర్చోవడం కూడా తప్పించుకోవడమే. లేస్తున్నాను.

17 నవంబర్

చెప్పాను.

గట్టయ్యను చూడాలంటోంది. ఆమె చీర మార్చుకుని వచ్చేలోపు ఇది రాస్తున్నాను. కొత్తవాడకు ఇద్దరం పోతున్నాం.